55 వేలల్లో గేమింగ్ పీసీ, ఏఐ ప్రాజెక్టులు కూడా దాని మీదనే.. సలహా ఇవ్వుండ్రి అన్నలూ

ఖమ్మం_పిల్లగాడు (ఆగస్టు 2024)
అందరికీ నమస్తే. మాది ఖమ్మం, బీటెక్ సెకండియర్, సీఎస్ఈలో ఏఐఎంఎల్ (ఏఐ, మెషిన్ లెర్నింగ్) బ్రాంచి. నాన్న 55 వేలు ఇస్తా అన్నడు, పైన ఒక్క రూపాయి అడిగినా అసలుకే ఎసరు. మానిటర్, కీబోర్డ్, మౌస్ ఇంట్లో ఉన్నయి (పాత మానిటరే, 1080పీ, 60 హెర్ట్జ్). ఆడేది వాలరెంట్, జీటీఏ 5, కుదిరితే రెడ్ డెడ్ 2, సైబర్‌పంక్. కాలేజీ ప్రాజెక్టులు కూడా దీని మీదనే చేసుకోవాలె. ఇక్కడ ఒక షాపాయన ఈ కొటేషన్ ఇచ్చిండు:

ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, ఆర్జీబీ (రంగుల లైట్ల) క్యాబినెట్ + 500 వాట్ ఎస్ఎంపీఎస్ (పార్టులకు కరెంట్ ఇచ్చే డబ్బా). మొత్తం 38 వేలు.

17 వేలు మిగులుతయి, కుర్చీ కూడా వస్తది అంటుండు. ఐ7 అంటే పెద్దదే కదా?

గోదారి_ఫ్రేమ్స్
ఆగు తమ్ముడూ ఆగు. అడ్వాన్స్ ఏమీ ఇచ్చెయ్యలేదు కదా? ఐ7 తర్వాత నంబరేంటో అడిగావా? అడిగితే 3770 అంటాడు చూస్కో. అది 2012లో వచ్చిన చిప్పు. ఆఫీసుల్లో వాడి పారేసినవి తెచ్చి, కొత్త చైనా బోర్డు మీద కూర్చోబెట్టి, చుట్టూ రంగు రంగు లైట్లు పెట్టి అమ్ముతున్నారు. ర్యామ్ కూడా డీడీఆర్3 అనే పాత రకం అయ్యుంటది. ఇప్పుడొచ్చే ఐ3 కూడా దాన్ని ఈజీగా దాటేస్తది. ఐ7 అన్న మాట కాదు, దాని పక్కనున్న నంబరు చూడాల.

ఖమ్మం_పిల్లగాడు
ఇప్పుడే ఫోన్ చేసి అడిగిన అన్నా. 3770 అనే అన్నడు. 😐 కార్డేమో జీటీ 730 అంట, 4 జీబీ.

పార్క్‌లేన్_పాతకాపు
అనుకున్నదే. జీటీ 730 డిస్‌ప్లే రావడానికి పెట్టుకునే కార్డు, గేమింగ్‌కి కాదు. దానికి 4 జీబీ తగిలించడం అంటే చిన్న పొయ్యి మీద పెళ్ళి గుండిగ పెట్టినట్టు. కార్డు మీదుండే మెమరీ చూసి మోసపోవద్దు, చిప్ పేరు చూడు. ఇంకోటి, 3770కి విండోస్ 11 అధికారికంగా పడదు, ఇంటెల్‌లో 8వ జెనరేషన్ నుంచే. అడ్డదారిలో ఎక్కించినా వాలరెంట్ మొరాయిస్తుంది, 11లో దాని యాంటీ చీట్‌కి టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే సెక్యూరిటీ ఫీచర్లు రెండూ కావాలి.

ఆ ఊళ్ళో వద్దు, ఓ రోజు సికింద్రాబాద్ వచ్చి పార్క్‌లేన్‌లో సీటీసీకి (కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్) వెళ్ళు. పొద్దున పదకొండు తర్వాత వెళ్ళు, ముందెళ్ళినా షట్టర్లు తెరిచి ఉండవు.

ఏఎండీ_అభిమాని
55 వేలంటే ఆలోచించాల్సిన పనే లేదు బ్రో, కళ్ళు మూసుకుని ఇది కట్టించు. మొన్న వారం కనుక్కున్న రేట్లు, అటూ ఇటూ ఉంటాయి:

రైజెన్ 5 5600 (ఏఎండీ ప్రాసెసర్) - 11 వేలు
బీ550ఎం బోర్డు - 9 వేలు
8+8 జీబీ డీడీఆర్4 3200 ర్యామ్ - 3,500
500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ - 3,500
ఆర్ఎక్స్ 6600 8 జీబీ (ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు) - 20,500
550 వాట్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ - 4 వేలు
మెష్ క్యాబినెట్ - 3,500

సరిగ్గా 55. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు, కూలర్ బాక్సులోనే వస్తుంది. 6600కి 132 వాట్లు చాలు, 1080పీలో నువ్వు చెప్పిన ఆటలన్నీ ఆడిస్తుంది. 5600 అనే అడుగు, 5500 చేతిలో పెడితే తీసుకోకు, అందులో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి మెమరీ) సగమే, కార్డుతో కలిపే పీసీఐఈ కూడా పాత 3.0నే. 5600జీ కూడా వద్దు, చాలామంది జీ అంటే గేమింగ్ అనుకుంటారు, అది గ్రాఫిక్స్ లోపలే ఉన్నదని గుర్తు, విడిగా కార్డు పెట్టుకునేవాడికి దండగ.

గోదారి_ఫ్రేమ్స్
+1. నేను వాడేది ఇదే కాంబో (బోర్డు మాత్రం బీ450). పాత స్టాకు బోర్డయితే బయాస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ లేకుండా 5600ని గుర్తుపట్టదు, బాక్సు మీద రైజెన్ 5000 రెడీ అని స్టిక్కర్ ఉందో లేదో చూస్కో, లేకపోతే షాపులోనే అప్‌డేట్ చేయించెయ్.

రెండర్_రమ్య
లిస్టు బాగానే ఉంది కానీ అబ్బాయి మొదటి పోస్టులో ఇంకో మాట రాశాడు, దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేరు. ఏఐఎంఎల్ బ్రాంచి. కాలేజీలో వాడే పైటార్చ్, టెన్సర్‌ఫ్లో లాంటి ఏఐ టూల్స్ అన్నీ CUDA చుట్టూ తిరుగుతాయి, అది ఎన్విడియా వాళ్ళ సాఫ్ట్‌వేర్, అంటే ఎన్విడియా కార్డు కావాలి. దానికి బదులు ఏఎండీ వాళ్ళకి ఆర్ఓసీఎం ఉంది, ఆర్ఎక్స్ 6600 దాని సపోర్ట్ లిస్టులోనే లేదు. లైనక్స్‌లో ఏదో వేరియబుల్ మార్చి నడిపించేవాళ్ళున్నారు, నిజమే, కానీ రేపు పొద్దున సబ్మిషన్ పెట్టుకుని రాత్రి డ్రైవర్లతో కుస్తీ పట్టే ఓపిక సెకండియర్ పిల్లలకెక్కడిది?

ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060 12 జీబీ చూడు తమ్ముడూ. ఆటల్లో 6600 కంటే కాస్త ముందే ఉంటుంది, ఏఐతో ఫ్రేములు పెంచే డీఎల్ఎస్ఎస్ ఉంది, 12 జీబీ మెమరీ ప్రాజెక్టులకి నిజంగా పనికొస్తుంది.

ఏఎండీ_అభిమాని
3060 26 వేలు అక్కా. ఆ అయిదున్నర వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఎస్ఎంపీఎస్‌లో కోస్తారా? మోడల్ ట్రైనింగ్‌కి గూగుల్ వాళ్ళ కోలాబ్ ఉంది, ఆన్‌లైన్‌లోనే ఫ్రీగా టీ4 జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) ఇస్తాడు. దానికోసం గేమింగ్ పీసీ ప్రాసెసర్ తగ్గించుకోమనడం అన్యాయం.

రెండర్_రమ్య
ఎస్ఎంపీఎస్ జోలికి వెళ్ళను, ప్రాసెసర్, బోర్డుల్లో తగ్గిద్దాం. ఐ3 12100ఎఫ్ ఏడున్నర వేలు, డీడీఆర్4 హెచ్610 బోర్డు ఆరున్నర. నీ లిస్టులో ఆ రెంటికీ కలిపి 20 వేలు, ఇక్కడ 14. మిగిలిన ఆరు వేలల్లో అయిదున్నర కార్డులో పెట్టు, మొత్తం 54,500 అవుతుంది. ఐదొందలు దారి ఖర్చు. 🙂

కోలాబ్ నేనూ వాడతాను, మంచిదే, కానీ ఫ్రీ వెర్షన్‌లో ట్రైనింగ్ సగంలో ఉండగా సెషన్ తెగిపోతే ఏం చేస్తావ్? జీపీయూ లిమిట్ అయిపోయిందని రేపు రమ్మంటే? ఇంట్లో కార్డు ఉండి, పెద్దవి మాత్రం కోలాబ్‌కి పంపడం వేరు, మొత్తం దాని మీదే ఆధారపడడం వేరు.

ఏఎండీ_అభిమాని
నాలుగు కోర్లు అక్కా, 2024లో నాలుగు కోర్లు!! సైబర్‌పంక్‌లో జనం ఉన్న సెంటర్లోకి వెళ్ళగానే గుంజుకుంటుంది. వెనకాల డిస్కార్డ్, క్రోమ్ తెరిచి ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. పైగా ఇంటెల్ ప్రాసెసర్లు చెడిపోతున్నాయని ఊరంతా గోల గోలగా ఉంటే ఇప్పుడు ఇంటెల్ కొనమంటున్నారు.

పార్క్‌లేన్_పాతకాపు
ఆ గోల 13, 14 జెనరేషన్లలో పై స్థాయి చిప్‌లది. వోల్టేజి సమస్య. వాటికి ఇంటెల్ వారంటీ రెండేళ్ళు పెంచింది కూడా. 12100ఎఫ్ 12వ జెనరేషన్ (ఆల్డర్ లేక్), దానికీ దీనికీ సంబంధం లేదు. భయపెట్టకండి పిల్లవాణ్ణి.

నాలుగు కోర్ల మాట మాత్రం నిజం. కొత్త ఆటల్లో యావరేజ్ ఫ్రేమ్స్ బాగానే కనిపిస్తాయి, మధ్యమధ్యలో తడబడుతుంది. అయితే ఇతని మానిటర్ 60 హెర్ట్జ్. నూటయాభై ఫ్రేములు తీసినా కంటికి ఆనేది అరవైయే కాబట్టి ఇప్పటికి పెద్ద ఇబ్బంది ఉండదు. తర్వాత అదే బోర్డులో సెకండ్ హ్యాండ్ 12400ఎఫ్ వేసుకోవచ్చు, ఆరు కోర్లొస్తాయి. బీ550లో కొన్నా ఏఎం4 సాకెట్ (ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే చోటు) కూడా దారి చివర్లోనే ఉంది, అదీ ఇదీ ఒకటే.

గోదారి_ఫ్రేమ్స్
పోనీ ఏఎండీ కొత్త సాకెట్ ఏఎం5కి వెళ్ళిపోతే? సాకెట్ 2027 దాకా ఉంటదని కంపెనీయే చెప్పింది.

పార్క్‌లేన్_పాతకాపు
వెళ్ళొచ్చు, నువ్వు మిగతా డబ్బులిస్తే. ఏఎం5లో డీడీఆర్5 తప్ప వేరే దారి లేదు, బోర్డులూ ఖరీదే. ఆ తేడా అంతా కార్డులోంచి పోతుంది.

ఖమ్మం_పిల్లగాడు
మీరందరు ఇంత రాస్తరనుకోలే, థ్యాంక్స్. అక్కా నాకు 3060 మీదనే మనసు పోతున్నది. ఒక డౌట్, ఆర్టీఎక్స్ 3050 అయితే ఇంకా తక్కువల వస్తది కదా, అది కూడా ఎన్విడియానే, అప్పుడు 5600 కూడా పెట్టుకోవచ్చు?

రెండర్_రమ్య
వద్దు. 3050 పేరుతో రెండు రకాలున్నాయి, ఒకటి 8 జీబీ 130 వాట్, ఇంకోటి 6 జీబీ 70 వాట్. రెండోదానికి కోర్లూ తక్కువే, మెమరీ బస్సూ (మెమరీకి, చిప్‌కి మధ్య దారి) 96 బిట్‌లే. ఎస్ఎంపీఎస్ మార్చలేని ఆఫీస్ పీసీకి విడిగా కరెంట్ కేబుల్ అక్కర్లేకుండా పెట్టుకోవడానికి బావుంటుంది అది, నీకు కాదు. 8 జీబీది కూడా 6600 కంటే వెనకే.

3060లో కూడా ఇదే గొడవ! 8 జీబీ వెర్షన్ ఒకటుంది, బాక్సు మీద పెద్దక్షరాల్లో అదే పేరు ఉంటుంది కానీ బస్సు 192 నుంచి 128 బిట్‌లకి కోసేశారు, ఆటల్లో కూడా తేడా బాగా తెలుస్తుంది. వెయ్యీ రెండు వేలు తక్కువ చెప్పి అదిచ్చేస్తారు. బాక్సు మీద 12 జీబీ అని నీ కళ్ళతో చదివాకే డబ్బులు తియ్యి.

డల్లాస్_డీబగ్గర్
బ్రదర్స్, ఇక్కడ మా ఇంటి దగ్గర్లో రిచర్డ్‌సన్‌లో మైక్రో సెంటర్ ఉంది, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి బండిల్స్ పెడతాడు, మీ రేట్లు చూస్తే బాధేస్తోంది. దసరాకి ఇండియా వస్తున్నా, ఎవరికైనా కావాలంటే ప్రాసెసర్ ఒకటి జేబులో వేసుకొస్తా. 😄

పార్క్‌లేన్_పాతకాపు
ప్రాసెసర్ అయితే పర్లేదు, అది చెడిపోవడం చాలా అరుదు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం తేవద్దండీ. చాలా కంపెనీలు ఏ దేశంలో కొంటే ఆ దేశంలోనే వారంటీ అంటాయి. ఏడాదికి ఫ్యాను ఆగిపోతే మళ్ళీ డల్లాస్ పంపుతామా?

కరెంటోళ్ళ_అబ్బాయి
ఎవరూ ఎస్ఎంపీఎస్ గురించి గట్టిగా మాట్లాడట్లేదు కాబట్టి నేనే మాట్లాడతా. క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే 500 వాట్ డబ్బా ఉంది చూశారా, చేత్తో పట్టుకుంటే కొబ్బరి చిప్పంత బరువు కూడా ఉండదు, లోపల ఏమీ లేదన్నమాట. మా మేనమామ కొడుకు అట్లాంటి పేరూ ఊరూ లేనిది వాడాడు, ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంట్ పోయి వచ్చినప్పుడు టప్‌మంది, దానితో పాటు బోర్డు, హార్డ్ డిస్క్ కూడా పోయాయి. మిగతా పార్టులు ఈసారి కాకపోతే వచ్చేసారి మార్చుకోవచ్చు, ఇది నాసిరకందైతే మిగతావాటిని కూడా వెంట తీసుకుపోతుంది.

డీప్‌కూల్ పీకే550డీ గానీ కోర్సెయిర్ సీఎక్స్550 గానీ, ఏది దొరికితే అది. రెండూ బ్రాంజే. 3060 170 వాట్లు, ఐ3 ఎంత ఊపిరి బిగబట్టినా 90 దాటదు, 550 ధారాళంగా సరిపోతుంది, 650 అమ్మడానికి చూస్తే నవ్వి ఊరుకో.

యూపీఎస్ మాట. 600 వీఏ అని ఉంటుంది కానీ అసలు వాట్లు 360 దాకానే. మానిటర్‌తో కలిపి ఆట మధ్యలో 300కి దగ్గరగా పోతావు, బ్యాటరీ కొంచెం పాతబడిందంటే కరెంట్ పోగానే పీసీ కూడా పోతుంది. తర్వాతెప్పుడైనా 1000 లేదా 1100 వీఏ కొనుక్కో. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవా, స్క్వేర్ వేవా చూసుకో, స్క్వేర్ వేవ్ అయితే దానికి తగిలించకు. అన్నిటికంటే ముందు గోడ ప్లగ్గులో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటే ఎర్తింగ్ లేనట్టే.

ఖమ్మం_పిల్లగాడు
ఇన్వర్టర్ ఉంది అన్నా, ఏ వేవో తెలవదు, నాన్ననడుగుత. ఇంకొకటి, నా రూము పైన, మా దగ్గర మే నెలల 44, 45 పోతది. ఏసీ లేదు. లిక్విడ్ కూలర్ పెట్టాల్నా?

కరెంటోళ్ళ_అబ్బాయి
అక్కర్లేదు. బాక్సులో వచ్చే కూలరే ఆ ఐ3కి చాలు. క్యాబినెట్ ముందు వైపు అద్దం కాకుండా జల్లెడలాగా మెష్ ఉన్నది తీసుకో, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. ముందు మొత్తం గ్లాసు పెట్టి దాని వెనక మూడు ఆర్జీబీ ఫ్యాన్లు పెట్టినవి ఫొటోకే బావుంటాయి, గాలి ఎటునుంచి వస్తుంది? నెలకోసారి దుమ్ము దులుపు. మే నెల మధ్యాహ్నం మాత్రం ఆడకు, పీసీ తట్టుకుంటుంది గానీ నువ్వు తట్టుకోలేవు.

రెండర్_రమ్య
షాపుకి వెళ్ళేముందు ఇవి గుర్తుంచుకో. హెచ్610 బోర్డుల్లో డీడీఆర్4వి, డీడీఆర్5వి రెండూ ఉన్నాయి, డీ4 అని చూసుకో. ర్యామ్ ఒకటే 16 కాకుండా 8+8, డ్యూయల్ చానెల్ కోసం. ఇంటికెళ్ళాక బయాస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి, లేకపోతే 3200 ర్యామ్ అంతకంటే తక్కువ స్పీడులోనే తిరుగుతుంది. పేరు చివర ఎఫ్ అంటే ప్రాసెసర్ లోపల గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి హెచ్‌డీఎంఐ కేబుల్ కార్డుకే పెట్టాలి, బోర్డుకి పెడితే స్క్రీన్ నల్లగా ఉంటుంది. ప్రాసెసర్ సీల్ ఉన్న బాక్సులోనే కావాలి, ట్రే అని విడిగా ఇస్తే తక్కువకే వస్తుంది గానీ కంపెనీ వారంటీ ఉండదు. జీఎస్టీ బిల్లు, అందులో సీరియల్ నంబర్లు. బిల్లు లేకుండా అయితే 18 శాతం తగ్గుతుంది అంటారు, వినకు.

ఏఎండీ_అభిమాని
సరే ఓడిపోయా. 😂 తమ్ముడూ మానిటర్ 144 హెర్ట్జ్‌కి మారిన రోజు నా పోస్టు మళ్ళీ చదువుకో.

జూనియర్_ఎన్టీ_విండోస్
దీంట్లో జీటీఏ 6 వస్తుందా?

గోదారి_ఫ్రేమ్స్
అది ఇంకా కన్సోళ్ళకే రాలేదు, పీసీకి ప్రకటించనేలేదు, నువ్వు అప్పుడే సెట్టింగులు అడుగుతున్నావ్. ముందు రానీ బాబూ.

ఖమ్మం_పిల్లగాడు (సెప్టెంబరు 2024)
తీసుకున్నం! బాబాయితో కలిసి సీటీసీ పోయిన. మూడు నాలుగు షాపులల్ల లిస్టు పెట్టి అడిగితే ఒక్కొక్కరిది ఒక్కో రేటు, కార్డు తక్కువ చెప్పినాయన ర్యామ్ ఎక్కువ చెప్పె, విడివిడిగా కొనే కంటే మొత్తం ఒక్క కాడ తీసుకుంటే ఎంత అని బాబాయి బేరం ఆడిండు, అప్పుడు దిగివచ్చిండ్రు. రమ్యక్క చెప్పినట్టే 8 జీబీ 3060 ముంగట పెట్టిండ్రు, రెండూ ఒకటే అన్నరు, 12 కావాల్నంటే లోపలికి పోయి తెచ్చిండ్రు. 55 వేల లోపలనే అయింది, బిల్లుతోని.

ఒక్కటే ప్రాబ్లం, వాలరెంట్ వాన్ 9003 అని ఎర్రర్ ఇస్తున్నది.

పార్క్‌లేన్_పాతకాపు
సెక్యూర్ బూట్ ఆఫ్‌లో ఉందన్నమాట. బయాస్‌లోకి వెళ్ళి సీఎస్ఎం (పాత పద్ధతి బూట్) డిసేబుల్ చేసి సెక్యూర్ బూట్ ఆన్ చెయ్యి. దానికంటే ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో చూడు, ఎస్ఎస్‌డీ జీపీటీ అనే కొత్త ఫార్మాట్‌లో ఉండాలి. పాత ఎంబీఆర్‌లో ఉండగా సీఎస్ఎం తీసేస్తే విండోస్ బూట్ కాదు.

ఖమ్మం_పిల్లగాడు
జీపీటీనే ఉంది. ఆన్ చేసిన, నడుస్తున్నది. 🙏

నెల్లూరు_న్యూబీ (డిసెంబరు 2025)
పాత థ్రెడ్ లేపినందుకు సారీ. మా చెల్లికి పీసీ కట్టించాలి, ఆమె కూడా ఏఐ బ్రాంచే. ఈ లిస్టు ఇప్పటికీ పనికొస్తుందా? షాపులో ర్యామ్ రేటు అడిగితే తల తిరిగింది, వాళ్ళేమన్నా తప్పు చెప్తున్నారా?

పార్క్‌లేన్_పాతకాపు
తప్పు కాదండీ, నిజంగానే పెరిగింది. మెమరీ చిప్‌లు చేసే కంపెనీలు ఫ్యాక్టరీలని చాలావరకు ఏఐ సర్వర్ల వైపు తిప్పేశాయి. మైక్రాన్ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్ళకి అమ్మే వ్యాపారమే ఆపేస్తామని ఈ నెలలో చెప్పింది. డీడీఆర్5 ఎలాగూ ఆకాశంలో ఉంది, డీడీఆర్4 కూడా దాని వెనకే ఎక్కింది. అప్పట్లో 3,500 అని రాసుకున్న లైను ఒక్కటే ఇప్పుడు బడ్జెట్‌ని తారుమారు చేస్తుంది.

డల్లాస్_డీబగ్గర్
ఇక్కడా అంతే. నవ్విన నాప చేనే పండింది, ఈసారి నేనే ఏడుస్తున్నా.

గోదారి_ఫ్రేమ్స్
ఇంటెల్ గ్రాఫిక్స్ కార్డు ఆర్క్ బీ580 బావుందంటున్నారు కదా, 12 జీబీ కూడా?

రెండర్_రమ్య
కార్డు మంచిదే, కానీ ప్రాసెసర్ చిన్నదైతే దాని డ్రైవర్ భారం వల్ల కొన్ని ఆటల్లో వెనకబడుతుంది, ఈ ఏడాది మొదట్లో 5600తో టెస్ట్ చేసినవాళ్ళకే ఆ తేడా కనిపించింది. ఐ3తో అయితే అసలొద్దు. చెల్లి చదువుకి ఇంకా CUDA నడిచే ఎన్విడియా కార్డే సుఖం. 3060 12 జీబీ కొత్తది దొరికితే సరే, లేకపోతే వారంటీ మిగిలిన సెకండ్ హ్యాండ్ చూడండి, గంటసేపు లోడ్ పెట్టి టెంపరేచర్ చూశాకే డబ్బులివ్వండి.

ఖమ్మం_పిల్లగాడు
మొన్న మే నెల మొత్తం ఏసీ లేకుండనే నడిచింది నాది. కార్డు వేడెక్కి ఫ్యాన్లు గోల చేస్తయి కానీ ఆగలే. చిన్న లాంగ్వేజ్ మోడళ్ళు ఇంట్లనే ఫైన్ ట్యూన్ చేస్తున్న, 8 జీబీ అయితే పట్టకపోవు. ఏఎండీ అన్న చెప్పినట్టు సైబర్‌పంక్‌ల మార్కెట్ దగ్గర గుంజుతది, అది నిజమే. 12400ఎఫ్ కోసం పైసలు జమ చేస్తున్న.

ఏఎండీ_అభిమాని
చెప్పానా లేదా.

నెల్లూరు_న్యూబీ
అయితే ర్యామ్ తగ్గేదాకా ఆగమంటారా? నాన్నగారి ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్ మూలన పడుంది, దాంట్లో ర్యామ్ తీసి వాడుకోవచ్చా?

పార్క్‌లేన్_పాతకాపు
వాడుకోవచ్చు, ర్యామ్ సాధారణంగా పాడవదు. తెచ్చాక ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం) నడపండి, ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. ముందు ఆ డెస్క్‌టాప్ మూత తీసి, స్టిక్కు మీద స్టిక్కర్ ఫొటో పెట్టండి. పీసీ4 అని మొదలైతే డీడీఆర్4, పీసీ3 అయితే దీనికి పనికిరాదు. అది తేలాక మిగతా లిస్టు రాసుకుందాం.